రెక్క మీద ఇంజిన్లు పెట్టుకున్న ఏఎన్-32: ఇంకా ఎన్నాళ్లు ఎగరాలి?

కొరిశపాడు కుర్రాడు

అందరికీ నమస్కారం. 2024 మార్చి 18న మా దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద ఎయిర్‌ఫోర్స్ వాళ్లు ట్రయల్ వేశారు కదా. సుఖోయ్‌లు, హాక్‌లు కిందికి వచ్చినట్టే వచ్చి రోడ్డు తాకకుండా పైకి లేచిపోయాయి. నిజంగా దిగి మళ్లీ లేచినవి మాత్రం రెండు ప్రొపెల్లర్ విమానాలే, ఒకటి డోర్నియర్, రెండోది ఏఎన్-32 అనే రవాణా విమానం. ఫైటర్ల గురించి యూట్యూబ్ నిండా వీడియోలున్నాయి గానీ దీన్ని పట్టించుకున్నవాళ్లు లేరు.

నాకేమో దీని మీదే కన్ను పడింది. మా స్ట్రిప్ (రోడ్డు మీదే విమానాలు దిగేలా వేసిన భాగం) 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు. ఈ విమానం రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకి 29.2 మీటర్లట! అంటే అటో రెండు మీటర్లు ఇటో రెండు మీటర్లు తప్ప రోడ్డంతా దీనిదే. ఇంకో వింత, ఇంజిన్లు అన్ని విమానాల్లోలాగా రెక్క కింద వేలాడటం లేదు, రెక్క నెత్తిన కూర్చున్నాయి. ఎందుకలా? అసలు సోవియట్ యూనియనే పోయి ఇన్నేళ్లయితే ఆ కాలపు విమానం మన దగ్గర ఇంకా ఎందుకు తిరుగుతోంది? తెలిసినవాళ్లు చెప్పండి.

ప్రొపెల్లర్ ప్రసాద్

మంచి ప్రశ్న తమ్ముడూ. దీని కథ రెండు తరాల వెనక నుంచి మొదలవుతుంది. కీవ్‌లోని ఆంటొనోవ్ డిజైన్ బ్యూరో ముందు ఏఎన్-24 అని ప్రయాణికుల విమానం చేసింది, అది 1959లో ఎగిరింది. దాని వెనక భాగం కోసి, సామాను ఎక్కించే పెద్ద తలుపు పెట్టి 1969లో ఏఎన్-26 తెచ్చారు. ఈ రెండోది 1,400కి పైగా తయారైంది, ఆఫ్రికాలో, లాటిన్ అమెరికాలో ఇప్పటికీ ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తుంది. దాని ఇబ్బంది ఏమిటంటే ఎండ మండే చోటా, ఎత్తయిన చోటా ఇంజిన్లు ఆయాసపడతాయి. గాలి పలచబడితే ఇంజిన్ బలమూ తగ్గుతుంది, రెక్క ఎత్తే శక్తీ తగ్గుతుంది. మనకేమో లద్దాఖ్, అరుణాచల్.

అందుకని అదే బాడీ ఉంచి ఇంజిన్ మార్చేశారు. ఏఎన్-26 ఇంజిన్ ఒక్కోటీ దాదాపు 2,800 హార్స్‌పవర్ అయితే ఏఎన్-32లో పెట్టిన ఏఐ-20 ఒక్కోటీ 5,000 పైమాటే. ఇది నాలుగు ఇంజిన్ల ఐఎల్-18, ఏఎన్-12 విమానాలకి వాడిన ఇంజిన్. అంత బలాన్ని గాలిలోకి దించాలంటే ప్రొపెల్లర్ పెద్దది కావాలి, 4.7 మీటర్ల వ్యాసం. దాన్ని పాత చోటే బిగిస్తే ఒకవైపు కొసలు బాడీకి, ఇంకోవైపు నేలకి తగిలేంత దగ్గరికొస్తాయి. అందుకే ఇంజిన్ని ఎత్తి రెక్క మీద పెట్టారు. ఇంకో లాభం కూడా వచ్చింది, మట్టి రన్‌వే మీద ఎగిరే గులకరాళ్లు ప్రొపెల్లర్‌కి అంత సులువుగా అందవు.

రెక్క ముందంచుకి స్లాట్లు, వెనక మూడు అంచెల ఫ్లాపులు (తక్కువ వేగంలోనూ రెక్కకి ఎత్తే బలం ఇచ్చే పలకలు) పెట్టారు, తోక పెద్దది చేశారు. 1976 జులై 9న మొదటిసారి ఎగిరింది. మన ఎయిర్‌ఫోర్స్‌కి 1984 నుంచి రావడం మొదలై వందకి పైగా వచ్చాయి. డకోటా, ప్యాకెట్, క్యారిబూ లాంటి పాత రవాణా విమానాలు చేసిన పనులన్నీ దీని నెత్తిన పడ్డాయి. మనవాళ్లు పెట్టిన పేరు సట్లెజ్, కానీ ఆ పేరుతో పిలవగా నేనెప్పుడూ వినలేదు.

సందేహాల సుబ్బారావు

ఇంజిన్ గొప్పలు బాగానే ఉన్నాయి ప్రసాద్ గారూ. కూలిన లెక్క కూడా చెప్పాలి కదా. 1986 మార్చి 25న సోవియట్ నుంచి కొత్తగా తెస్తున్న విమానం మస్కట్ దాటాక అరేబియా సముద్రం మీద మాయమైంది, ఏడుగురు, ఇప్పటికీ ఆచూకీ లేదు. 1999 మార్చిలో ఢిల్లీ పాలం దగ్గర కూలి కింద ఉన్నవాళ్లతో కలిపి 21 మంది. 2009 జూన్‌లో అరుణాచల్‌లో మెచుకా నుంచి లేచాక 13 మంది. 2016 జులైలో బంగాళాఖాతం మీద 29 మంది. 2019 జూన్‌లో మళ్లీ అదే మెచుకా దారిలో 13 మంది.

ఇవి గట్టిగా గుర్తున్నవి మాత్రమే. మిగ్-21ని ఎగిరే శవపేటిక అని పేపర్లన్నీ రాశాయి, దీన్నెవరూ అనరు, ఎందుకంటే ఇందులో పోయేవాళ్లు ఎక్కువమంది సామాన్య జవాన్లు. సోవియట్ సరుకుని తుక్కు కింద అమ్మేసి కొత్తవి కొనడానికి నలభై ఏళ్లు సరిపోలేదా?

రిటైర్డ్ సార్జెంట్, నెల్లూరు

సుబ్బారావు గారూ, మీ బాధ అర్థమైంది కానీ మాట కొంచెం జాగ్రత్త. నేను జోర్హాట్‌లోనూ, చండీగఢ్‌లోనూ ఇదే విమానం మీద ఇంజిన్ ఫిట్టర్‌గా పనిచేశాను. మీరు చెప్పినవన్నీ నిజమే. వాటి వెనక ఉన్నదేంటో కూడా చూడాలి.

మెచుకా అంటే మ్యాప్‌లో చుక్క కాదు సార్. కొండల మధ్య గిన్నె అడుగున ఉన్న ఊరు. లోయలోకి దూరాక వెనక్కి తిరగడానికి చోటు ఉండదు, పొద్దున నీలంగా ఉన్న ఆకాశం పదకొండు గంటలకల్లా మబ్బు కమ్మి ముఖం మూసేస్తుంది. ఆ ఊళ్లకి రోడ్డు సరిగ్గా లేని రోజుల్లో ఉప్పు, పప్పు, కిరసనాయిలు, సిమెంటు బస్తా, పెళ్లికూతురు, గర్భిణి, శవం... అన్నీ ఇందులోనే వెళ్లేవి, ఇందులోనే వచ్చేవి. జనాలకి అది ఎయిర్‌ఫోర్స్ విమానం అని కూడా అనిపించదు, వాళ్లకది బస్సు. సార్టీ (ఆ రోజు ట్రిప్పు) క్యాన్సిల్ అయితే రన్‌వే పక్కన మూటల మీద కూర్చుని మర్నాటి దాకా ఎదురుచూసేవాళ్లు.

ఇక మెషీన్ సంగతి. దీని వెనక ర్యాంప్ రెండు రకాలుగా తెరుచుకుంటుంది. ఒకటి అందరికీ తెలిసినదే, కిందికి వాలి నేలకి ఆనుతుంది, జీపు ఎక్కించొచ్చు. రెండోది చూసేవాళ్లకి ఇంద్రజాలంలా ఉంటుంది, ర్యాంప్ మొత్తం బాడీ కిందికి జరిగిపోతుంది. అప్పుడు లారీని వెనక్కి తోసుకుంటూ వచ్చి, లారీ తట్టనీ విమానం నేలనీ ఒక మట్టానికి తెచ్చి సరుకు నేరుగా లోపలికి నెట్టేయొచ్చు. గాల్లో పారాచూట్ లోడ్లు వదిలేటప్పుడు కూడా అదే పద్ధతి. ఫోర్క్‌లిఫ్ట్ లేని చోట దీని విలువ తెలుస్తుంది. లోపల పైకప్పుకి క్రేన్ కూడా ఉంటుంది.

కుడి వైపు చక్రాలు ముడుచుకునే కవరు వెనక చిన్న టర్బైన్ ఒకటుంది. బయట నుంచి కరెంటు ఇచ్చే బండి లేని చోట కూడా దాంతో ఇంజిన్ స్టార్ట్ చేసుకోవచ్చు. అది గనక మొరాయిస్తే పైలట్ కన్నా ముందు మా ఫిట్టర్లకే చెమటలు పట్టేవి, చండీగఢ్ డిసెంబరు చలిలో కూడా. ఆ చలిలో రెక్క ఎక్కి ఇంజిన్ కవరు తీయడం వేరే శిక్ష. ఇంజిన్లు పైన ఉండటం పైలట్‌కి సుఖం, గ్రౌండ్ క్రూకి నరకం. చేతిలోంచి స్పానర్ జారిందా, కింద ఉన్నవాడి తల మీదే.

కొరిశపాడు కుర్రాడు

సార్జెంట్ గారూ, ర్యాంప్ బాడీ కిందికి జరిగిపోవడం మాత్రం నాకు కొత్త విషయం. లోపల ఎంతమంది పడతారు సార్?

రిటైర్డ్ సార్జెంట్, నెల్లూరు

కంపెనీ లెక్క ప్రకారం 50 మంది, లేదా 42 మంది పారాట్రూపర్లు, లేదా 24 స్ట్రెచర్లు. సరుకైతే 6.7 టన్నులు. ఈ లెక్కలన్నీ సముద్రమట్టం దగ్గరవి బాబూ. కొండ మీదికెళ్తే ఆ రోజు ఎండ చూసి, గాలి చూసి లోడు కోసేస్తారు.

విశాఖ వాసు

సుబ్బారావు గారు 2016 ప్రస్తావన తెచ్చారు కాబట్టి రాస్తున్నా. ఆ 29 మందిలో 8 మంది మా వైజాగ్ వాళ్లు. నేవల్ ఆర్మమెంట్ డిపోలో పనిచేసే సివిలియన్ ఉద్యోగులు, యుద్ధవిమానాలతో సంబంధం లేని మనుషులు. పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న నౌక మీద తుపాకీ రిపేరు కోసం బయల్దేరారు. డ్యూటీ మీద ఊరెళ్తున్నట్టు వెళ్లారు, అంతే.

జులై 22 ఉదయం ఎనిమిదిన్నరకి తాంబరం నుంచి లేచింది. 23,000 అడుగుల ఎత్తులో ఉండగా ఎడమ వైపు తిరిగి వేగంగా ఎత్తు కోల్పోతున్నట్టు రాడార్‌లో కనబడి, ఆ తర్వాత ఏమీ లేదు. నౌకలు, సబ్‌మెరైన్, విమానాలు వారాల తరబడి వెతికాయి. సెప్టెంబరు మధ్యలో అందరూ చనిపోయినట్టుగా భావిస్తున్నామని కుటుంబాలకి ఉత్తరాలు వచ్చాయి. ఆ రోజుల్లో మా కాలనీలో ఒకావిడ, పేరు అక్కర్లేదు, పసుపుకుంకుమల విషయంలో ఏం చేయాలో తెలియక పురోహితుణ్ణి అడిగితే ఆయనకీ ఏం చెప్పాలో తెలియలేదు. శరీరం లేదు, తిథి లేదు.

చివరికి 2024 జనవరిలో, ఏడున్నరేళ్ల తర్వాత, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ల మనిషి లేని జలాంతర్గామి యంత్రం తీరానికి 140 నాటికల్ మైళ్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున సోనార్ వేస్తే శకలాలు కనపడ్డాయి. ఫొటోలు తీసి చూస్తే ఏఎన్-32తో సరిపోయాయి, ఆ ప్రాంతంలో ఇంకే విమానమూ పోయిన దాఖలా లేదు కాబట్టి అదే అని తేల్చారు.

నా ప్రశ్న విమానం పాతదా కొత్తదా అని కాదు. సముద్రం మీద మనుషుల్ని తీసుకెళ్లే విమానంలో, నీళ్లలో పడితే కూత పెట్టే పరికరం ఎందుకు లేదు?

ప్రొపెల్లర్ ప్రసాద్

వాసు గారు అడిగిన ప్రశ్నే ఈ చర్చకి అసలు ప్రశ్న అని నా ఉద్దేశం. సుబ్బారావు గారి జాబితాని నేను కాదనడం లేదు, కానీ దాన్ని వేరేలా చదువుతాను.

2016 విమానంలో ప్రమాదం జరిగినప్పుడు ఉపగ్రహానికి సిగ్నల్ పంపే ట్రాన్స్‌మిటర్ ఉంది. అది గాలిలోనో, నేల మీదో పనిచేస్తుంది, మూడు కిలోమీటర్ల నీటి కింద నుంచి రేడియో సిగ్నల్ బయటికి రాదు. నీటి కింద నుంచి శబ్దం చేసే బీకన్ వేరే ఉంటుంది, పౌర విమానాల బ్లాక్‌బాక్సులకి తప్పనిసరిగా కడతారు. అది ఇందులో లేదు. ఖరీదులో అది విమానం టైరు పాటి చేయదు. ఇంకో సంగతి, ఆ విమానం ఓవర్‌హాల్ అయి ఎంతో కాలం కాలేదని అప్పటి రక్షణమంత్రి పరీకర్ పార్లమెంటులోనే చెప్పారు. అంటే తుప్పు పట్టిన డొక్కు కాదది.

2019లో మెచుకా దారిలో పోయినప్పుడూ అంతే. జూన్ 3 మధ్యాహ్నం పోతే 11న గానీ హెలికాప్టర్‌కి శకలాలు కనపడలేదు, లిపో అనే ఊరికి 16 కిలోమీటర్ల ఉత్తరాన, 12,000 అడుగుల ఎత్తులో. మధ్యలో నేవీ పీ-8ఐ గస్తీ విమానాలు, ఇస్రో ఉపగ్రహాలు, సమాచారం ఇచ్చినవాళ్లకి 5 లక్షల బహుమతి. ఆ విమానంలో ఉన్న ప్రమాద సిగ్నల్ బీకన్ తయారీ కంపెనీయే ఆపేసిన పాత మోడల్.

ఆధునికీకరణ ఒప్పందం 2009లోనే జరిగింది. 105 విమానాలకి దాదాపు 40 కోట్ల డాలర్లు, 40 విమానాలు ఉక్రెయిన్ వెళ్లి రావాలి, మిగతావి కాన్పూర్ డిపోలో మనవాళ్లే చేయాలి. ఆయుష్షు 25 ఏళ్ల నుంచి 40 ఏళ్లకి పెంచడం, కొత్త రేడియోలు, కొత్త నావిగేషన్. ఉక్రెయిన్‌లో చేయాల్సినవి చేశారు. 2014లో క్రిమియా గొడవ మొదలైంది, స్పేర్ పార్టులు నత్తనడక పట్టాయి. డిజైన్ కీవ్‌ది, ఇంజిన్ జాపొరీజ్యాది, చిల్లర సామాను సగం రష్యాది. ఇద్దరూ కొట్టుకుంటుంటే మధ్యలో మన కాన్పూర్ లైను ఆగిపోయింది. 2022 తర్వాత సంగతి చెప్పనక్కర్లేదు.

సందేహాల సుబ్బారావు

మీరు చెప్పినదాన్నిబట్టి తప్పు విమానానిది కాదు, కొన్నాక దాన్ని అలా వదిలేసినవాళ్లది. బాగుంది. చచ్చిపోయినవాడికి ఈ తేడా ఏం తెలుస్తుంది?

విశాఖ వాసు

తెలియదు సుబ్బారావు గారూ. బతికున్నవాళ్లకి తెలుస్తుంది. ఆ ఏడున్నరేళ్లు ఎదురుచూసినవాళ్లకి.

సిక్కోలు జవాను

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నేను ఆర్మీ, కార్గిల్ వైపు చేశాను. ఇక్కడ ఎవరూ కార్గిల్ కొరియర్ గురించి రాయలేదేంటి?

శీతాకాలం జోజిలా కనుమ మూసుకుపోతే కార్గిల్‌కి రోడ్డు పోయినట్టే. అప్పుడు ఏఎన్-32 శ్రీనగర్‌కీ, జమ్మూకీ తిరుగుతుంది. దాన్నే కార్గిల్ కొరియర్ అంటారు. అందులో ఫౌజీలు మాత్రమే కాదు, మామూలు జనం వెళ్తారు. పరీక్షలున్న పిల్లలు, ఆస్పత్రికి పోవాల్సినవాళ్లు, చంటిబిడ్డల తల్లులు. జిల్లా ఆఫీసు వాళ్లు లిస్టు వేస్తారు, లిస్టులో పేరుంటే సగం గెలిచినట్టు, మిగతా సగం మబ్బుల చేతిలో ఉంటుంది. మూడు రోజులు రోజూ ఎయిర్‌ఫీల్డ్‌కి వచ్చి, రోజూ తిరిగి ఇంటికి పోయే ముసలాళ్లని చూశాను. విసుక్కోరు. థర్మాస్‌లో ఉప్పు టీ తెచ్చుకుంటారు.

లోపల సీట్లు బస్సులోలాగా ఉండవు. గోడల వెంబడి మడత సీట్లు, గుడ్డవి, ఎదురెదురుగా కూర్చోవాలి, మధ్యలో సామాను వలకింద కట్టి ఉంటుంది. కిటికీలు చిన్న గుండ్రటివి, వీపు వెనక ఉంటాయి, చూడాలంటే మెడ తిప్పాలి. ఇంజిన్ స్టార్టయితే పక్కవాడితో మాట్లాడలేం, చెవుల్లో దూది పెట్టుకోవాల్సిందే. నా పక్కన కూర్చున్న లద్దాఖీ పెద్దావిడ టేకాఫ్ నుంచి దిగేదాకా జపమాల తిప్పుతూనే ఉంది, నేను కూడా ఆంజనేయ దండకం మొదలుపెట్టి మధ్యలో మర్చిపోయి మళ్లీ మొదటికొచ్చాను. టెన్షన్ కొంచెం ఉంటుంది, లేదని చెప్పను.

సోవియట్ డబ్బా అనండి, ఇంకేమైనా అనండి. అది రాని రోజున మాకు ఉత్తరాలు లేవు, కూరగాయలు లేవు, సెలవు లేదు.

కాంగో కబుర్లు

సైన్యం సంగతులు అయ్యాయి కాబట్టి పౌర రవాణా వైపు నుంచి ఒక చేదు మాట. నేను ఉద్యోగరీత్యా కిన్షాసాలో ఉన్నాను. సోవియట్ యూనియన్ కూలిపోయాక ఈ ఏఎన్-26లు, 32లు చవగ్గా దొరికేవి, పైలట్లు కూడా చవగ్గా దొరికేవాళ్లు. ఆఫ్రికాలో ఎవరు పడితే వాళ్లు సరుకు కంపెనీలు పెట్టేశారు.

1996 జనవరి 8న ఇక్కడి ఎన్‌డోలో ఎయిర్‌పోర్టు నుంచి ఏఎన్-32 ఒకటి బయల్దేరింది. అప్పుడు ఈ దేశం పేరు జైర్. ఆ ఎయిర్‌పోర్టు ఊరి నడిబొడ్డున ఉంటుంది, రన్‌వే అయిపోగానే బజారు. మోయాల్సినదాని కన్నా బాగా ఎక్కువ లోడు వేశారు, ముక్కు లేవలేదు, రన్‌వే అయిపోయింది, నిండా ఇంధనంతో నేరుగా కిక్కిరిసిన సంతలోకి దూసుకుపోయింది. 200 మందికి పైగా చనిపోయారు, దాదాపు అందరూ నేల మీద ఉన్నవాళ్లే. కూరగాయలు అమ్ముకునే ఆడవాళ్లు, పిల్లలు. విమానంలో ఉన్నవాళ్లలో మాత్రం ఎక్కువమంది బతికారు. ఇక్కడి పాతకాలం వాళ్లు ఆ సంత పేరు చెప్తే ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు.

దీనికి ఎంత బలం ఉందో పైన ప్రసాద్ గారు రాశారు. ఆ బలమే ఇక్కడ కొంప ముంచింది అని నాకనిపిస్తుంది. ఇది ఏదైనా మోస్తుందిలే అన్న ధీమా. మా ఆఫీసు సరుకు కూడా ఒకసారి ఓ చిన్న కంపెనీ పాత ఆంటొనోవ్‌లో లోపలి పట్టణానికి పంపాల్సి వచ్చింది, కాగితం మీద రాసిన బరువుకీ లారీలోంచి దింపిన బరువుకీ పొంతన లేదు. అడిగితే నవ్వి, సంతకం పెట్టమన్నారు. నేను పెట్టలేదు, సరుకు పడవలో పంపాం, నెల పట్టింది.

రిటైర్డ్ సార్జెంట్, నెల్లూరు

కాంగో గారూ, సంతకం పెట్టకపోవడం చాలా మంచి పని. మా దగ్గర లోడ్ షీట్ మీద సంతకం అంటే పెళ్లి సంతకం కన్నా పెద్దది. ప్రతి బస్తా తూకం వేసి, ఎక్కడ పెట్టాలో గీత గీసి ఉంటుంది. వెనక్కి బరువెక్కువైతే తోక కిందికి లాగుతుంది, ముందుకెక్కువైతే ముక్కు లేవదు. కొత్తగా వచ్చిన ఆర్మీ కుర్రాళ్లు ‘ఇంకో రెండు మూటలే కదా సార్జెంట్ సాబ్’ అని బతిమాలేవాళ్లు. రెండు మూటలూ ఎండలో అక్కడే ఉండిపోయేవి.

ఇంకోటి రాయాలి. 2008 మే 31. చండీగఢ్ నుంచి ఏఎన్-32 వెళ్లి లద్దాఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీలో దిగింది. 16,614 అడుగుల ఎత్తు, చైనా సరిహద్దుకి కూతవేటు దూరం, పక్కా రన్‌వే కూడా కాదు, చదును చేసిన మట్టి. 1965 తర్వాత, అంటే 43 ఏళ్లకి అక్కడ దిగిన మొదటి రవాణా విమానం. కంపెనీ పుస్తకం ప్రకారం 4,500 మీటర్ల ఎత్తు దాకా ఉన్న ఎయిర్‌ఫీల్డులకి ఇది పనికొస్తుంది, ఆ చోటు 5,000 దాటింది. అప్పటి వెస్టర్న్ కమాండ్ చీఫ్ ఎయిర్ మార్షల్ బార్బోరా స్వయంగా అందులో ఉన్నారు. మర్నాటి ఏడాది సెప్టెంబరులో న్యోమాలో కూడా దింపారు. అమెరికా రవాణా విమానం సీ-130జే ఆ ఓల్డీలో దిగింది 2013లో. అంతకు ఐదేళ్ల ముందే ఈ డబ్బా దిగి, లేచి, ఇంటికొచ్చింది. చండీగఢ్ హ్యాంగర్‌లో ఆ సాయంత్రం ఏమైందో రాయను, మెస్‌లో మాత్రం మిఠాయి మిగల్లేదు.

పాత పేపర్ల పంతులు

1987 మరిచిపోయారు అందరూ. జాఫ్నా చుట్టూ శ్రీలంక సైన్యం దిగ్బంధం పెట్టినప్పుడు, జూన్ 3న మనవాళ్లు పడవల్లో సహాయ సామగ్రి పంపితే వాళ్ల నేవీ వెనక్కి తిప్పి పంపింది. మర్నాడు జూన్ 4న బెంగళూరు నుంచి ఐదు ఏఎన్-32లు లేచాయి, పక్కన కాపలాగా మిరాజ్-2000 ఫైటర్లు. జాఫ్నా మీద దాదాపు 25 టన్నుల ఆహారం, మందులు పారాచూట్లతో జారవిడిచి వచ్చాయి. విలేకరుల్ని కూడా వెంట తీసుకెళ్లారు, అందరూ చూడాలనే. ఆపరేషన్ పూమాలై. రెండు నెలలు తిరక్కుండానే భారత్-శ్రీలంక ఒప్పందం కుదిరింది.

వేరే దేశపు ఆకాశంలోకి అడక్కుండా వెళ్లడం రైటా తప్పా అన్నది వేరే గొడవ, అప్పట్లో మా స్టాఫ్‌రూంలో దాని మీద కొట్టుకున్నంత పని చేశాం. నేను చెప్పేది ఏమిటంటే, బియ్యం బస్తాలు మోసే విమానమే ఆ రోజు పొరుగు దేశాన్ని ఒప్పందం దాకా లాక్కొచ్చింది. దీన్ని మిలిటరీ వాడకం అనాలా, పౌర సహాయం అనాలా?

ప్రొపెల్లర్ ప్రసాద్

రెండూ పంతులు గారూ. ఈ విమానంలో ఆ గీత ఎప్పుడూ స్పష్టంగా లేదు. ఉక్రెయిన్‌లో దీన్నే అగ్నిమాపక విమానం చేశారు, బాడీకి రెండు పక్కలా ట్యాంకులు కట్టి 8 టన్నుల నీళ్లు ఒక్కసారిగా అడవి మంటల మీద కుమ్మరిస్తుంది. అదే పక్కన బాంబు ర్యాకులు బిగిస్తే బాంబులు కూడా వేస్తుంది.

ఇంకో తమాషా, 2018 డిసెంబరు 17న బెంగళూరులో మన ఎయిర్‌ఫోర్స్ టెస్ట్ పైలట్లు దీన్ని 10 శాతం బయో ఇంధనం కలిపి ఎగరేశారు. జట్రోఫా గింజల నూనె, డెహ్రాడూన్ పెట్రోలియం సంస్థ తయారు చేసిన పద్ధతి. 2019 రిపబ్లిక్ డే ఫ్లైపాస్ట్‌లోనూ, 2020 జనవరిలో లేహ్‌లోనూ అదే కలిపిన ఇంధనంతో ఎగిరింది.

కొరిశపాడు కుర్రాడు

జట్రోఫానా! మా నాన్న తరం వాళ్లని అడగండి. బయోడీజిల్ అని ఒక ఊపు ఊపితే చేను గట్లన్నీ అవే మొక్కలు వేశారు, కొనేవాడు లేక పీకేశారు. కొనేవాళ్లు ఉన్నారని అప్పుడే చెప్తే సరిపోయేది కదా ఎయిర్‌ఫోర్స్ వాళ్లు.

సందేహాల సుబ్బారావు

హహ. సరే, అందరూ ఇంత ప్రేమగా చెప్తున్నారు, ఒప్పుకుంటున్నా ఒకప్పుడు ఇది పనిమంతురాలే. ఇప్పుడేం చేయాలి మరి? వడోదరలో సీ-295లు తయారవుతున్నాయి కదా. రెండు ఇంజిన్లు, వెనక ర్యాంప్, 9 టన్నులు మోస్తుంది. ఏఎన్-32 కన్నా ఎక్కువే. వాటినే ఇంకో వంద చేసి వీటిని మ్యూజియంలో పెట్టొచ్చుగా?

ప్రొపెల్లర్ ప్రసాద్

వరసలో ఉన్న 56 సీ-295లు ఆవ్రో విమానాల బదులుగా కొన్నవి, ఏఎన్-32ల బదులు కాదు. మొదటి 16 స్పెయిన్ నుంచి, 40 ఇక్కడే. వాటి బాడీ భాగాలు చాలావరకు మన హైదరాబాద్ టాటా ప్లాంటులోనే తయారవుతున్నాయి, సీ-130జే తోకలు కూడా ఆదిబట్లలోనే. అది సంతోషమే.

కానీ ఇంజిన్ చూడండి. సీ-295 ఇంజిన్ ఒక్కోటీ 2,645 హార్స్‌పవర్. ఏఎన్-32కి దాదాపు రెట్టింపు. మైదానంలో సీ-295 చాలు, ఇంధనం తక్కువ తాగుతుంది, డిజిటల్ కాక్‌పిట్, హాయి. కానీ 16,000 అడుగుల మట్టి మీద నుంచి లోడుతో లేవాలంటే సోవియట్ వాళ్లు మొరటుగా వేసిన ఆ అదనపు బలమే పనికొస్తుంది. ఎయిర్‌ఫోర్స్ అడుగుతున్నది అంతకంటే పెద్దది, 18 నుంచి 30 టన్నులు మోసేది. బ్రెజిల్ వాళ్ల సీ-390, ఎయిర్‌బస్ ఏ400ఎం, సీ-130జే పోటీలో ఉన్నాయి. సీ-390కి జెట్ ఇంజిన్లు, మహీంద్రా వాళ్లతో జత కట్టింది.

రిటైర్డ్ సార్జెంట్, నెల్లూరు

అన్నీ మంచి విమానాలే. సీ-17 అంతటి పెద్ద రవాణా విమానం కూడా 2016లో మెచుకాలో దిగి చూపించింది. కాకపోతే నాలుగు టన్నుల కూరగాయలకీ, ఇరవై మంది మనుషులకీ రోజూ అంత పెద్దదాన్ని పంపితే డబ్బులెవరిస్తారు? 30 టన్నులు మోసే దాన్ని సగం ఖాళీగా తిప్పాలి, లేదంటే నిండేదాకా వారం రోజులు ఆపాలి. కొండ మీది ఊరికి కావాల్సింది వారానికోసారి పెద్ద విమానం కాదు, మబ్బు తెరిపిచ్చిన రోజల్లా చిన్నది. పెద్దవి కొనండి, వద్దనను. ఈ పనికి మాత్రం ఈ సైజులో, ఈ బలంతో ఇంకోటి వెతకాలి. అది దొరికేదాకా వీటిని ఎగరేయక తప్పదు, ఎగరేసినన్నాళ్లూ వాసు గారు అడిగిన బీకన్ ప్రతిదానికీ బిగించాలి, స్పేర్లు కాన్పూర్‌లోనే చేసుకోవాలి.

సందేహాల సుబ్బారావు

ఈ చివరి రెండు ముక్కలకి నా సంతకం కూడా వేసుకోండి. తుక్కు అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

రిటైర్డ్ సార్జెంట్, నెల్లూరు

తీసుకోవద్దు లెండి. మేమూ అలాగే తిట్టేవాళ్లం, ముఖ్యంగా రెక్క మీద ఉన్నప్పుడు.

కొరిశపాడు కుర్రాడు

సార్జెంట్ గారూ, ర్యాంప్ కిందికి జరిగే వీడియో ఏదైనా ఉంటే లింక్ పెట్టండి సార్. ఈసారి మా రోడ్డు మీద ట్రయల్ వేస్తే వెనక వైపు నిలబడి చూస్తా.